బెత్తెడు ఎక్కువ

మార్చి 3, ఆదివారం

ఈవేళ బుగోమె చిత్తడికి వెళ్లాను, పక్షుల్ని చూడటానికి. నాలుగో తరగతికి పక్షుల పాఠం ఉంది. పదమూడేళ్లుగా పుస్తకంలో బొమ్మలు చూపించి సరిపెడుతున్నాను. బోడా మోటారు బండి వెనక కూర్చుంటే అరగంట దూరం. ఇన్నేళ్లలో ఒక్కసారైనా టికెట్టు కొనుక్కుని లోపలికి వెళ్లింది లేదు.

గేటు దగ్గర పెద్ద పుస్తకం పెట్టారు. పేరు, ఊరు, వచ్చిన పని, చూసినవి. ఆఖరి గడి తిరిగొచ్చాక నింపాలట. వచ్చిన పని దగ్గర ‘పక్షులు’ అని రాశాను. అక్కడి అమ్మాయి నా పేరు చదివి, నా ముఖం చూసి, టికెట్టు చింపడం మరిచిపోయింది. నేనే గుర్తు చేశాను.

పడవ కసూలేది. మా తమ్ముడు ముబిరుతో తొమ్మిదేళ్లు కలిసి సందర్శకుల్ని తిప్పినవాడు.

"మీకు టికెట్టేమిటి టీచరమ్మా? మీ తమ్ముడు ఉంటే ఊరుకునేవాడా?" అన్నాడు.

ఉంటే, అన్నాడు. నేను పడవెక్కి కూర్చున్నాను.

"ఏం చూస్తారు?"

"బుల్వే."

అందరూ దానికోసమే వస్తారు. గుండెల ఎత్తున నిలబడే బూడిదరంగు పక్షి, చెక్క చెప్పంత ముక్కు. దాన్ని చూడటానికి జనం విమానాలెక్కి వస్తారు. నేను ఈతచెట్ల అడవి వైపు చెయ్యి చూపించి, అటు పోనిమ్మన్నాను. కసూలే నా చెయ్యి వైపు చూసి, తెడ్డు వేశాడు.

చూసినవి: కొంగలు పద్నాలుగు. లకుముకి పిట్టలు మూడు. తామరాకుల మీద నడిచే పిట్ట ఒకటి. బుల్వే లేదు.

మార్చి 5, మంగళవారం

నెలయింది.

మార్చి 9, శనివారం

తమ్ముడి భార్య నబ్బోసా ఇంటికి వెళ్లాను. ముబిరు పడవ ఖాళీగా దొరికిన రోజు వాకిట్లో వెలిగించిన నెగడు ఇంకా మండుతూనే ఉంది, మనిషిని మట్టిలో పెట్టేదాకా దాన్ని ఆర్పకూడదు. పక్కవాళ్ల కంచెలో కట్టెలు కూడా అయిపోవచ్చాయి. పారలు మూడూ చూరులో దోపి ఉన్నాయి. వానలు మొదలై వారమైంది. దారి పొడుగునా అందరి చేలూ తవ్వి ఉన్నాయి, చిక్కుళ్లు వేసేశారు. మా వాళ్ల నేల ఒక్కటే గడ్డి పట్టి పోయింది.

యొకానా బాబాయి కుర్చీ వేసుకుని నాకోసమే కాచుకుని ఉన్నాడు.

"చూడమ్మాయ్, మనిషిని మట్టిలో పెట్టకుండా మనం మట్టి తవ్వకూడదు. ఆ సంగతి నీకు నేను చెప్పాలా? పాఠాలు చెప్పేదానివి."

"మనిషేడీ పెట్టడానికి?"

"లేడు గనకే అరటి బోదె పెడదాం అంటున్నాను. మన తాతల నాటి నుంచీ ఉన్నదే. సరస్సు మింగినవాళ్లందరికీ బోదెలే పెట్టారు. వాడి ఎత్తున నరికి, బెరడు బట్ట చుట్టి, వాళ్ల నాన్న పక్కన పెడదాం. పిల్లలు బోదె పాతిన మర్నాడే విత్తనం వేసుకుంటారు."

"వాడు ఎల్లుండి వచ్చి గడపలో నిలబడితే?"

బాబాయి నెగడులోకి ఒక కట్టె తోశాడు. "బోదె పెట్టాక వాడు మన మనిషి కాదు. వచ్చినా గడప దాటనివ్వం. అది నీకూ తెలుసు" అన్నాడు.

అందుకే కదా అడిగింది.

బోదె ఎత్తు నేనే చెప్పాలట. ఎవరు వీపున మోసి పెంచారో వాళ్లు చెప్పాలి. అమ్మ పోయేనాటికి వాడికి రెండేళ్లు, నాకు పదకొండు. మోసింది నేనే. ఆలోచించుకుంటానని చెప్పి లేచాను. నబ్బోసా గుమ్మంలో నిలబడి ఉంది. అరటికాయ ముద్ద ఆకులో చుట్టి చేతిలో పెట్టింది. ఇంటికొచ్చి చూస్తే ఆకు ఖాళీగా ఉంది, దారిలో కుక్కకి వేసినట్టున్నాను. ఎప్పుడు వేశానో గుర్తు లేదు.

మార్చి 10, ఆదివారం

చిత్తడికి వెళ్లాను. వచ్చిన పని: పక్షులు.

ఈతచెట్ల అడవి అంచున ఒక కర్ర పాతి, దానికి ఎర్రగుడ్డ కట్టారు. సందర్శకులు దాన్ని దాటకూడదు. దాని వెనక జమ్ము దిబ్బలు తేలుతూ ఉంటాయి. గాలి మారితే దిబ్బ కదిలి దారి మూసేస్తుంది, పొద్దున ఉన్న కాలవ సాయంత్రానికి ఉండదు. ఇదంతా ముబిరు చెప్పేవాడు. ఇప్పుడు కసూలే చెప్పాడు. కొత్తగా విన్నట్టు తల ఊపాను.

కర్ర దగ్గర గంటసేపు ఆగాం. నీళ్లు కదలవు.

మార్చి 14, గురువారం

బడికి రెండు కాళ్లకీ వేరువేరు జోళ్లు వేసుకుని వెళ్లానట. మూడో పీరియడులో ఒక పిల్ల చెప్పింది. "టీచర్, ఇది కొత్త ఫ్యాషనా?" అంది. క్లాసంతా నవ్వింది. అవును, ఫ్యాషనే అన్నాను.

మార్చి 17, ఆదివారం

పక్షులు. బుల్వే లేదు.

ఇంట్లో వంటగది వెనక ఈతాకు కట్ట అలాగే ఉంది.

మార్చి 21, గురువారం

అందరూ నా ముఖం చూస్తున్నారు, ఏడుస్తానేమోనని. బడిలో, సంతలో, చర్చిలో. ఏడుపు వస్తే ఏడవడానికి నాకేం? రావడం లేదు. తలనొప్పి కూడా లేదు. అన్నం తింటున్నాను, ఉప్పు తెలుస్తోంది.

ఇవాళ ఊరికే ఒక సంగతి గుర్తొచ్చింది. ముబిరు పొట్టి. నా చెవి తమ్మె దాకా వస్తాడు, అంతే. దానికి వాడు పడిన ఏడుపు ఇంతా అంతా కాదు. పెళ్లిలో ఫోటో తీసేటప్పుడు ఇటుక మీద నిలబడ్డాడు. పడవ పని దొరికాక మాత్రం రేవులో నన్ను నిలబెట్టి, తను పడవలోకి ఎక్కి, "ఇప్పుడు చూడక్కా, నీకంటే బెత్తెడు ఎక్కువ" అనేవాడు. నాలుగు వేళ్లు నా నెత్తి మీద అడ్డంగా పెట్టి కొలిచేవాడు. నలభై దగ్గరపడుతున్న మనిషి, ముగ్గురు ఆడపిల్లల తండ్రి.

నేల మీదకి దిగరా, అప్పుడు మాట్లాడదాం, అనేదాన్ని.

మార్చి 24, ఆదివారం

కసూలే ఈవేళ తెడ్డు ఒడిలో పెట్టుకుని కూర్చున్నాడు.

"ఒక మాట అంటాను, కోపం తెచ్చుకోకండి."

"అను."

"బుల్వే ఇటు ఉండదు టీచరమ్మా. ఇక్కడ నీళ్లు లోతు. అది లోతులో నిలబడలేదు. మోకాలి లోతు బురద ఉన్నచోట, మమ్మా చేప దొరికేచోట నిలబడుతుంది. అది తూర్పు వైపు. మూడు వారాలై మనం పడమటికే వస్తున్నాం."

"మరి మొదటి రోజే చెప్పొచ్చుగా?"

"మీరు బుల్వే కోసం రాలేదు కదా, చెప్పడానికి."

నాకు ఒళ్లు మండింది. నేను టికెట్టు కొన్నదాన్ని, నేను ఎటు చూపిస్తే అటు తిప్పడం నీ పని అన్నాను. సరే అన్నాడు. కర్ర దాకా తీసుకెళ్లాడు.  గేటు దగ్గర పుస్తకంలో ‘చూసినవి’ గడిలో పోయినవారం రాసినవే మళ్లీ రాశాను.

మార్చి 28, గురువారం

నబ్బోసా వానలో తడిసి బడికి వచ్చింది. అయిదు మైళ్లు నడిచి వచ్చింది. స్టాఫ్ రూములో కూర్చోబెట్టి అల్లం టీ ఇచ్చాను. కప్పు రెండు చేతులతో పట్టుకుంది గానీ తాగలేదు.

"వదినా, నేను దెబ్బలాడటానికి రాలేదు."

"తెలుసు."

"నెలయ్యేసరికి మీకు జీతం వస్తుంది. నా పిల్లలు తినేది ఆ నేల మీద పండింది. వానలు ఇంకో నెలన్నర ఉంటాయి. ఆ తరవాత వేసినా మొలవదు. గాదెలో ఉన్న చిక్కుళ్లు విత్తనానికి దాచాను. పోయినవారం అందులోంచి తీసి వండాను."

నేను కిటికీ బయటికి చూస్తూ ఉన్నాను. పిల్లలు వానలో గోలీలు ఆడుతున్నారు.

"ఆయన రాడు వదినా. నాకు మీకంటే ముందే తెలిసింది. మొదటి రోజే తెలిసింది. నేను ఆయన పక్కన పదహారేళ్లు పడుకున్నదాన్ని, నాకు తెలీదా? నేను కూడా ఏడవకుండా కూర్చుని ఉన్నాను, మీరు ఊ అంటారని. మీరు ఊ అంటేగానీ నేను ముండమోపిని కూడా కాను. నేనెవర్ని ఇప్పుడు, చెప్పండి?"

 టీ చల్లారిపోతోంది తాగు అన్నాను.

వెళ్లేటప్పుడు గుమ్మంలో ఆగింది. "ఆ ఈతాకు మీ ఇంట్లోనే ఉందా?"

"ఉంది."

"నానబెట్టుకోండి. ఎండితే విరిగిపోతుంది, మరి చాపకి పనికిరాదు."

అంతే అంది. తిట్టి ఉంటే బాగుండేది. నన్ను ఒక్కరు కూడా తిట్టలేదు, అది నాకు కోపంగా ఉంది.

ఏప్రిల్ 1, సోమవారం

రాస్తాను. చదివేవాళ్లు ఎవరూ లేరు కదా.

ఫిబ్రవరిలో మా హెడ్మాస్టరు రిటైరయ్యాడు. వీడ్కోలు సభకి తలా ఒకటి ఇస్తున్నారు. నేను ఊదారంగు చారలు వేసి ఈతచాప అల్లి ఇస్తానని అందరి ముందూ గొప్పగా చెప్పాను. సంతలో దొరికే ఆకు పొట్టిది, అతుకులు కనిపిస్తాయి. ముబిరుకి ఫోను చేసి, చిత్తడి లోపల పొడుగాకు ఉంటుంది కదా, కోసుకురా అన్నాను. కర్ర అవతల ఉంటుందక్కా, గాలులు బాగాలేవు, వచ్చేవారం తెస్తానన్నాడు. వచ్చేవారం నాకెందుకు, సభ పదిహేనో తారీకు అన్నాను. బుల్వేని చూపించడానికైతే తెల్లవాళ్లని వానలో కూడా తిప్పుతావు, సొంత అక్కకి నాలుగు ఆకులు కోయడానికి గాలి అడ్డమొచ్చిందా అన్నాను. నవ్వాడు. మంగళవారం సందర్శకులు తక్కువ, మంగళవారం పోతానన్నాడు.

పడవ జమ్ములో ఇరుక్కుని దొరికింది. వెదురు గడ లేదు, వాడు లేడు. ఈతాకు కట్ట మాత్రం పడవ మధ్యలో తడవకుండా గోనె కప్పి ఉంది. అన్నీ ఒకే పొడుగు, ముల్లు తీసేసి, జాలరి ముడి వేసి కట్టాడు. నాది కాబట్టి నా ఇంటికి చేర్చారు.

హెడ్మాస్టరుకి గోడగడియారం ఇచ్చారు. నా పేరు కూడా అందులో కలిపారు.

ఏప్రిల్ 6, శనివారం

ఊ అన్నాను. ఈస్టరు అయ్యాక, ఇరవై ఏడో తారీకు శనివారం బోదె పెడతారు.

బాబాయి అరటినార తెచ్చి ఇచ్చాడు. గోడకి నిలబడి నేను నార పట్టుకుని ఎత్తు చూపించాను. నా నెత్తి మీద నాలుగు వేళ్లు అడ్డంగా పెట్టి, అక్కడ ముడి వెయ్యమన్నాను.

"అంత ఉండేవాడా?" అన్నాడు బాబాయి. కళ్లు సరిగా కనిపించవు ఆయనకి.

"మోసింది నేను కదా."

"సరే సరే, నువ్వు చెప్పిందే ఖాయం."

నబ్బోసా లోపల పిల్ల తల దువ్వుతోంది. చూసిందో లేదో తెలీదు. ఎత్తు సరిగ్గానే ఇచ్చాను. వాడే కొలిచి చూపించేవాడు.

ఏప్రిల్ 7, ఆదివారం

సరిగ్గానే ఇచ్చాను. అది వాడి ఎత్తు కాకపోతే ఆ బోదె వాడు కాదు. ఎవరో పొడుగాటి మనిషిని పాతుకుంటారు. పిల్లలకి చిక్కుళ్లు పండుతాయి. వాడు వస్తే గడప దాటొచ్చు. ఎవరికీ నష్టం లేదు.

చిత్తడికి వెళ్లాను. కర్ర దాకా.

ఏప్రిల్ 14, ఆదివారం

మట్టలాదివారం. చర్చిలో అందరి చేతుల్లో ఈతాకులు. ప్రార్థన సగంలో లేచి వచ్చేశాను. చిత్తడికి కూడా వెళ్లలేదు.

ఏప్రిల్ 21, ఆదివారం

ఈస్టరు. కసూలే అడక్కుండానే పడవ తూర్పుకి తిప్పాడు.

"ఎటు?"

"టికెట్టు కొన్నారుగా. ఒక్కసారైనా పక్షిని చూపించకపోతే నాకు పాపం."

వద్దనలేదు. ఎందుకు అనలేదో తెలీదు. కాలవ సన్నబడింది, జమ్ము రెండు పక్కలా భుజాలకి తగిలింది. తరవాత ఒక తెరపి వచ్చింది. అక్కడ నిలబడి ఉంది.

కదలదు. రెప్ప వెయ్యదు. ఎవరో బొమ్మ చేసి పెట్టినట్టే ఉంది. మేము చూస్తూ కూర్చున్నాం, అరగంట అయి ఉంటుంది. ఉన్నట్టుండి మొత్తం శరీరం ముందుకి పడేసి ముక్కుతో బురదని కొట్టింది. లేచేసరికి నోట్లో మమ్మా చేప, కొరమీనులా పొడుగ్గా, మెలికలు తిరుగుతూ. అది మా వంశపు చేప. మేము తినం, చంపం. ముబిరు వలలో పడితే తిట్టుకుంటూ వదిలేసేవాడు. బుల్వేకి ఆ పట్టింపు లేదు. తల విదిలించి మింగేసింది. మళ్లీ నిలబడింది.

నాకు ఏమీ అనిపించలేదు. చూడాల్సింది చూశాను, అంతే.

అప్పుడు కసూలే పడవ తిప్పాడు. పడమటికి కాదు, రేవు వైపు.

"కర్ర దాకా వెళ్లొద్దాం" అన్నాను.

"ఇక లేదు టీచరమ్మా."

"ఏం?"

"మా నాన్నగారి రోజుల్లో బుల్వే కనబడితే జాలర్లు వల కూడా విప్పేవాళ్లు కాదు. ఆ రోజు ఇక ఏదీ దొరకదని వెనక్కి తిప్పేసేవాళ్లు. కొందరు కోపం కొద్దీ దాన్ని చంపేసేవాళ్లు కూడా. ముబిరూ నేనూ కుర్రతనంలో రాళ్లు విసిరినవాళ్లమే. తరవాత అదే మాకు అన్నం పెట్టింది, అది వేరే సంగతి. కానీ కనబడితే తిప్పేయడం మాత్రం మానలేదు." కాసేపు తెడ్డు వేశాడు. "మీకు కనబడింది. తిప్పేశాను. ఇక దొరకదు."

ఏడు వారాలుగా కసూలే నాకోసం బుల్వేని తప్పించి తిప్పాడని అప్పుడు అర్థమైంది. ఈవేళ కావాలని చూపించాడని కూడా.

చూసినవి: బుల్వే.

ఏప్రిల్ 26, శుక్రవారం

రేపు. బోదె నరికేశారట, నా ముడి ప్రకారం. నల్లటి బెరడు బట్ట తెచ్చారట. గొయ్యి కసూలే వాళ్లు తవ్వుతున్నారు.

సాయంత్రం బడి నుంచి వచ్చాక కట్ట వాకిట్లోకి తెచ్చి పెట్టుకున్నాను. జాలరి ముడి తడిసి ఎండి బిగుసుకుపోయింది. కత్తితో కోస్తే క్షణంలో పని. కొయ్యలేదు. గోళ్లతో, సూదితో, పొద్దు వాలేదాకా కూర్చుని విప్పాను. ఇంత గట్టిగా ఎందుకు కట్టావురా, ఎవరెత్తుకుపోతారని, అని పైకే అన్నాను.

పైనున్న ఆకులు ఎండి విరిగాయి. లోపలివి ఇంకా పచ్చగానే ఉన్నాయి.

ఏప్రిల్ 27, శనివారం

వాన లేదు. అరటితోట నిండా మనుషులు.

బోదెని చాప మీద పడుకోబెట్టారు, బెరడు బట్ట చుట్టి. ఆడవాళ్లు ఏడుస్తున్నారు. నలుగురు పట్టుకుని గోతిలోకి దించబోయారు. పట్టలేదు. తల వైపు మట్టికి తగిలి ఆగింది.

"గొయ్యి పొట్టిగా తవ్వారేంట్రా?" అన్నాడు బాబాయి.

కసూలే గోతిలోంచే చెప్పాడు. "ముబిరుకి సరిపడా తవ్వాం బాబాయ్. తొమ్మిదేళ్లు పక్కన నిలబడ్డవాణ్ని, నాకు తెలీదా?"

"అయితే పెంచండి. పార అందుకోండి."

నబ్బోసా నా వైపు చూసింది. నార ముడి వేయించిన ఆ శనివారం పిల్ల తల దువ్వుతూనే అంతా గమనించిందని తెలిసింది. చూసింది, అన్నీ చూసింది, చూసి కూడా నోరెత్తలేదు. ముగ్గురు పిల్లలు ఆవిడ గౌను పట్టుకుని ఉన్నారు. పెద్దదానికి ముబిరు ముక్కే వచ్చింది.

"గొయ్యి సరిపోయింది. బోదే ఎక్కువైంది" అన్నాను.

అందరూ నా వైపు తిరిగారు. సంచిలోంచి ఈతాకు తీశాను. పొద్దున్నే రెండాకులు కలిపి ముడివేసి తెచ్చుకున్నాను, తెస్తున్నానని నాకు నేనే చెప్పుకోకుండా. ఒక కొస కాలి కింద తొక్కిపెట్టి రెండో కొస పైకి పట్టుకున్నాను. నా చెవి తమ్మె దగ్గరికి వచ్చింది.

"వాడు ఇంతే. నేను అబద్ధం చెప్పాను. అది పడవలో ఎత్తు. నేల మీద వాడు ఇంతే ఉండేవాడు."

బాబాయి ఆకు అందుకుని, కళ్లకి దగ్గరగా పెట్టుకుని చూశాడు.  బట్ట విప్పించి, బోదె పక్కన ఆకు పరిచి, కత్తి నా చేతికిచ్చాడు. మోసినదాన్ని నేనే కదా. తల వైపు నరికాను. నీళ్లు కారాయి, గౌను తడిసింది. మళ్లీ చుట్టి దించారు. ఈసారి పట్టింది.

మట్టి వేసేశాక నెగడు ఆర్పేశారు. పొగ చాలాసేపు వచ్చింది. నబ్బోసా ఏడ్చింది, నేలమీద కూలబడి, నోరారా. నేను ఆవిడ వీపు మీద చెయ్యి వేసి కూర్చున్నాను.

నరికిన ముక్కలు మేకలకి వెయ్యబోతుంటే పైకొసది ఒకటి అడిగి తీసుకున్నాను.

ఏప్రిల్ 28, ఆదివారం

చిత్తడికి వెళ్లాను. వచ్చిన పని: తమ్ముడు.

అమ్మాయి చదివింది, టికెట్టు చింపలేదు. ఈసారి నేనూ గుర్తు చెయ్యలేదు.

కసూలే కర్ర దాకా తీసుకెళ్లాడు. గుడ్డలోంచి ముక్క తీసి నీళ్ల మీద పెట్టాను. బెత్తెడు. వేళ్లు అడ్డంగా పెట్టి చూశాను, సరిగ్గా నాలుగు వేళ్లు. అరటి కదా, మునగలేదు. జమ్ము వైపు మెల్లగా పోయింది. అది కూడా నా తమ్ముడే, ఆ బెత్తెడు గురించే ఎంతో గొప్పగా చెప్పుకునేవాడు, మట్టిలో పెట్టడానికి నాకు చేతులు రాలేదు.

"కనిపిస్తోందా ఇంకా?" అని కసూలేని అడిగాను. నాకు కనిపించడం లేదు. కళ్లలో నీళ్లని అప్పుడు తెలిసింది. ఏడ్చాను. ఎంతసేపో తెలీదు. కసూలే అటు తిరిగి కూర్చుని పడవలో నీళ్లు తోడాడు, తోడాల్సినన్ని లేకపోయినా.

వచ్చేటప్పుడు నబ్బోసా ఇంటి మీదుగా వచ్చాను. చూరులో పారలు లేవు. నలుగురూ చేలో ఉన్నారు, చిన్నది కూడా. "వదినా, జోళ్లు విప్పి రండి" అని కేకేసింది. రెండు సాళ్లు వేశాను. నడుం పట్టేసింది.

ఇంటికొచ్చి మిగిలిన ఈతాకు నానబెట్టాను. పచ్చగా ఉన్నవి ఏరితే ఒక చిన్న చాపకి సరిపోతాయి. రంగు వెయ్యను.